ఒకటి కాదు, ఏడు

మార్చి ఆఖరి వారం. బడులు తెరవడానికి నెల రోజులే ఉంది. అసుసేనా ఇంటి ముందుగదిలో నేను నీలం బట్ట కత్తిరిస్తున్నాను, ఆమె మోటారు మిషను మీద చొక్కాలకు కాలర్లు కుడుతోంది. ఉన్నట్టుండి మిషను ఆగింది. ఫ్యానూ ఆగింది. బయటికొచ్చి చూస్తే స్తంభానికి నిచ్చెన, నిచ్చెన మీద కరెంటు కంపెనీ మనిషి.

"ఏమయ్యా, ఒక మాటైనా చెప్పకుండా కోసేస్తావా?" అంది అసుసేనా.

"నోటీసు ఇచ్చి వారమైందమ్మా. మూడు నెలల బాకీ ఉంది."

"నాకు బాకీ ఏమిటి? నెలనెలా బ్యాంకు వాళ్లు నా ఖాతాలోంచి తీసుకుని మీకే కడుతున్నారు. ఆ నోటీసు పొరపాటున వచ్చిందనుకున్నా."

అతను కిందికి దిగి చేతిలోని యంత్రంలో చూశాడు. ఫౌస్తో అతని పేరు, మా వీధివీ, చుట్టుపక్కల పేటలవీ మీటర్లన్నీ అతనే చూస్తాడు. "మాకు అందలేదక్కా. బ్యాంకుకు పోయి అడుగు. నేను కోయకపోతే నా ఉద్యోగం కోస్తారు" అన్నాడు. నిచ్చెన భుజాన వేసుకుని పోయాడు.

అసుసేనా కీమీ అంటే మా గ్వాస్మో పేటలో తెలియనివాళ్లు లేరు. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతోంది. బిల్లు కట్టడానికి వరసలో నిలబడితే సగం రోజు పోతోందని డిసెంబరులో బ్యాంకులో కాగితం నింపి, కరెంటు బిల్లు దానంతటదే కట్టేలా ఏర్పాటు చేసుకుంది. పోయే డబ్బు మునుపటికంటే ఎక్కువే అనిపించినా, కొత్త మోటారు తింటోందని సరిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లాం. అక్కడి అమ్మాయి లిజ్బెత్ మర్యాదగానే మాట్లాడింది. కంప్యూటర్లో చూసి, పాత కాగితం తెప్పించి మా ముందు పెట్టింది.

"మేడం, మీటరు నంబరు చివర్లో మీరు వేసింది ఒకటి. మేం ఒకటే ఎక్కించాం."

"అది ఒకటి కాదమ్మా, ఏడు."

"ఏడుకు నడుమన అడ్డగీత ఉంటుంది కదా, మేడం."

"నేనట్లాగే వేస్తా. చిన్నప్పటి నుంచీ అట్లాగే వేస్తా."

లిజ్బెత్ నవ్వలేదు, కసరలేదు. ఆ నంబరు ఇంకెవరిదో అని, ఆ ఇంటి బిల్లే మూడు నెలలుగా అసుసేనా ఖాతాలోంచి పోతోందని చెప్పింది. నూట ముప్పై అయిదు డాలర్లు.

"అయితే వెనక్కి ఇచ్చెయ్యండి."

"డబ్బు మా దగ్గర లేదు మేడం, కంపెనీకి వెళ్లిపోయింది. ఫిర్యాదు రాసివ్వండి. పదిహేను పనిదినాల్లో జవాబు వస్తుంది."

కంపెనీకి వెళితే అక్కడ కిటికీ వెనకాయన, "మాకు రావలసిన బిల్లు మాకొచ్చింది. కట్టింది ఎవరో మాకు అనవసరం. బ్యాంకు అడగాలి" అన్నాడు. బ్యాంకుకు తిరిగి వస్తే, కంపెనీ ఒప్పుకుంటూ ఉత్తరం ఇవ్వాలన్నారు. ఆ ఏర్పాటునైనా ఆపమంటే, ఆపుతాం గానీ ఏప్రిల్ బిల్లు అప్పటికే వరసలో ఉంది, అది ఆగదన్నారు. అది కూడా పోయింది. నలభై ఏడు డాలర్లు. తన డబ్బు పోతున్న సంగతి, పోయే తేదీ, పోయే చోటు అన్నీ తెలిసి అసుసేనా బల్ల ముందు కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

మిషను ఆడకపోతే యూనిఫారాలు లేవు. బట్టల కొట్టాయన దగ్గర అప్పు తెచ్చి, మూడు నెలల బాకీ మళ్లీ కట్టి, కరెంటు పెట్టించుకుంది. అప్పటికి అయిదు రోజులు పోయాయి. రెండు బడుల వాళ్లు పని వేరేచోట ఇచ్చుకున్నారు.

కరెంటు కలపడానికి వచ్చిన రోజు ఫౌస్తో గొంతు తగ్గించి, "నేను చెప్పానని అనకండి. ఆ నంబరు త్రినితారియా పేటలోది, వంతెన దాటగానే మూడో సందు, ఆకుపచ్చ తలుపు" అన్నాడు.

"పోయి కడిగేద్దాం పద. ఊరి సొమ్ముతో చల్లగా ఏసీ వేసుకుని పడుకున్నట్టున్నారు" అన్నాను నేను. నా నోరు అట్లాంటిది.

తలుపు తీసింది ఒక ముసలాయన. అల్సీదెస్ మీనా, ఒకప్పుడు రేవులో బస్తాలు మోసినవాడు. ఒక్కటే గది. మంచం మీద ఆయన భార్య పెట్రోనా, ముక్కులో సన్నటి గొట్టం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ యంత్రం. ఏసీ లేదు, ఫ్రిజ్ కూడా లేదు. ఆ యంత్రం మాత్రం రాత్రీ పగలూ ఆడాలి.

అసుసేనా విషయం చెబుతూ ఉంటే ఆయన కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

"జనవరిలో కట్టడానికి పోతే, 'నీది కట్టేశారు తాతా, ఇంటికి పో' అన్నారమ్మా. మళ్లీ నెల పోతే మళ్లీ అదే మాట. రోగులున్న ఇళ్లకు ప్రభుత్వం ఏదో ఇస్తోందట, అదే అనుకున్నా. అడిగితే ఎక్కడ ఆపేస్తారోనని మరి అడగలేదు. అదొక్కటే నా తప్పు."

డబ్బా తీసి నోట్లూ చిల్లరా బల్ల మీద పోశాడు. పదకొండు డాలర్లు. "మిగతాది నెలకు అయిదు చొప్పున ఇస్తా తల్లీ. కాదనకు."

వద్దని అనబోయింది అసుసేనా. కానీ ఆ వారం బట్టల కొట్టాయన రెండుసార్లు మనిషిని పంపాడు. తీసుకుంది.

పదిహేను పనిదినాలూ గడిచాయి. జవాబు రాలేదు. మళ్లీ పదిహేనన్నారు. ఎనిమిదిసార్లు వెళ్లాం. ఆఖరికి ఎవరో చెబితే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ ఆఫీసులో కాగితం పెట్టింది. జూన్ మొదట్లో ఆమె ఫోనుకు కబురొచ్చింది. నాలుగు నెలలదీ, మొత్తం నూట ఎనభై రెండు డాలర్లు ఖాతాలో పడింది. ఆమె అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేనెన్నడూ చూడలేదు. బట్టల కొట్టు బాకీ తీర్చింది, వీధి చివర నాకు చేపల పులుసు తినిపించింది.

"ఆదివారం పోయి ఆ పెద్దాయన పదకొండూ ఆయనకిచ్చేస్తా" అంది.

ఆదివారం ఆకుపచ్చ తలుపుకు తాళం ఉంది. పక్కింటావిడ చెప్పింది. "బుధవారం కరెంటు తీసేశారమ్మా. నాలుగు నెలలు కట్టలేదంట. తాత మొత్తుకున్నాడు, కట్టేశారని మీరే చెప్పారుగా అని. కట్టినవాళ్లు వెనక్కి తీసుకున్నారు అన్నారు. మా ఇంటి నుంచి తీగ లాగాం గానీ యంత్రానికి చాల్లేదు. పెట్రోనమ్మను ఆసుపత్రికి మోసుకుపోయారు."

అసుసేనా ఏ ఆసుపత్రో అడిగి, అక్కడికి పోదామంది.

నడవాలో స్ట్రెచర్ మీద పెట్రోనా, పక్కన గోడకానుకుని అల్సీదెస్. అసుసేనా డబ్బు ఆయన చేతిలో పెట్టి, జరిగింది చెప్పింది.

"నీ డబ్బు నువ్వడిగావు తల్లీ. అందులో తప్పేముంది?"

"నేను బ్యాంకును అడిగానండీ. మిమ్మల్ని కాదు."

ఆయన తన పక్కన ఖాళీ ఉన్న చోటు చూపించి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

సోమవారం బ్యాంకులో లిజ్బెత్ చివరిదాకా ఓపిగ్గా విని, తెర వైపు చూసింది. "మీ ఫిర్యాదు ముగిసింది మేడం. మీకు అనుకూలంగానే ముగిసింది."

"ఆ డబ్బు మళ్లీ వాళ్లకు పంపండి. నేనే చెబుతున్నాగా."

"అలా పంపడానికి మాకు పద్ధతి లేదు మేడం. ఆ నంబరు మీది కాదని మీరే రాసిచ్చారు."

కంపెనీలో, బాకీ విడతలుగా కట్టనివ్వాలంటే ఇంటాయన సంతకం కావాలన్నారు. ఆసుపత్రికి పోయి సంతకం తెచ్చాం. అది చాలదు, ఆయన గుర్తింపు కార్డు కావాలన్నారు. మళ్లీ పోయాం. అసుసేనా దగ్గర మిగిలిన అరవై డాలర్లు మొదటి విడతగా కడితే, నాలుగో రోజున ఫౌస్తో వచ్చి తీగ కలిపాడు. తల పైకెత్తి ఎవరి మొహమూ చూడలేదు.

పెట్రోనా పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది. మునుపు దిండ్లకు ఆనుకుని కూర్చునేది, ఇప్పుడు అదీ లేదు. యంత్రం ఆగడం వల్లనా, జబ్బే ముదిరిందా అని అసుసేనా డాక్టరును అడిగింది. చెప్పలేమన్నాడాయన.

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె త్రినితారియాకు వెళుతుంది. నేను కూడా ఒకసారి వెళ్లాను. ఎవరొచ్చారో చెప్పకుండా ఉండటానికేమో, అల్సీదెస్ కాఫీ కాచే వంకన పొయ్యి వైపు తిరిగాడు. ఎప్పుడూ మగతలో ఉండే పెట్రోనా ఆ రోజు కళ్లు తెరిచి అసుసేనాను చూసింది.

"నువ్వు కరెంటు ఆఫీసు అమ్మాయివా?"

"కాదమ్మా. బట్టలు కుడతాను."

"మంచిదే. ఈ గౌను తల మీంచి తీయడం కష్టంగా ఉంది. ముందు వైపు గుండీలు విప్పుకునేది కుడతావా?"

అసుసేనా సరేనంది. సంచిలోంచి టేపు తీసి, గొట్టం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆమె భుజం కొలవడం మొదలుపెట్టింది.