బృహస్పతి బుగ్గచుక్క

ఫాల్గుణమాసపు దివసావసానమున ఆదవాని పట్టణమును చుట్టియున్న శిలోచ్చయములు పగలెల్ల గ్రోలిన యెండవేడిమిని మెల్లమెల్లగా విడుచుచుండ పశ్చిమదిగంతమున సంధ్యారాగము వెలసిన కుంకుమచీరవలె పలుచబడుచుండ ప్రత్తిమిల్లుల గవాక్షములనుండి వెడలిన సూక్ష్మతూలతంతువులు వీథులమీదను మిద్దెలమీదను ఆరవేసిన వడియములమీదను నీది నాది యను భేదములేక వ్రాలుచుండెను. అట్టి ప్రదోషవేళ తారకలింకను పొడసూపకమున్నే నడినెత్తి కించుక పడమరగా ధవళస్థిరకాంతితో దేవగురువగు బృహస్పతి వెలుగుచుండెను.

ఆ గ్రహమును తన మిద్దెనుండి కనిపెట్టుచున్నవాడు ఉరుకుందప్ప యను భౌతికశాస్త్రోపన్యాసకుడు. పెండ్లాము హంపమ్మ బంగారుగాజు లడిగిన యేట దూరదర్శినిని గొనితెచ్చిన ఘనుడాతడు. అతనికి తోడు మస్తాన్‌వలీ యను ఫోటోస్టూడియో యజమాని. అంగడి కట్టివేసినది తడవుగా క్యామెరా చంకనిడుకొని మిద్దెయెక్కుట ఆయన నిత్యకృత్యము. బృహస్పతికి నేల లేదు. మనకగపడు ముఖమంతయు మేఘమే. పట్టెలు పట్టెలుగా పరుగిడు నా మేఘములలో తుపానులు పుట్టుచు గిట్టుచు నుండును గాన ఏనాటి ముఖ మానాటిదే. వేలకొలది చిత్రములను వరుసగా దీసి తేటవానిని మాత్రమేఱి యొకదానిపై నొకటి పేర్చి యొక్క స్పష్టబింబమును సాధించుట ఈ మిత్రుల వ్యసనము.

ముందటి యేట నిట్టి చిత్రమునందే నల్లని గీతయొకటి కానరాగా నూతన ఝంఝామారుతమును గనుగొంటినని ఉరుకుందప్ప కర్నూలనబడు కందనవోలు నందలి ఖగోళమిత్రమండలికి చాటింపు వేసెను. చాటించిన మరునాడే యది క్యామెరాగాజు నంటిన దూదిపోగని తేలెను. మండలివారు కడుపుబ్బ నవ్విరి. అధ్యక్షుడగు పురుషోత్తమాచారి అప్పటినుండి యాతనిని ‘దూది ఉరుకుందప్ప’ యని పిలువసాగెను. కొఱవితో దెబ్బదిన్న పిల్లి మిణుగురుపురుగును గనినను బెదరును గదా. ఇక జన్మలో తప్పు మాట చెప్పరాదని యతడు పట్టుబట్టెను. నిజమైన వింతను ముందుగా కనుగొని యా బిరుదమును తుడిచివేయవలెనని లోలోన నంతకంటె గట్టి పట్టు పట్టెను.

ఆ సాయంకాలము వాయుమండల మద్భుతముగా నిశ్చలమై యుండ కంప్యూటరుతెరపై గురుబింబము చెక్కినట్లు నిలిచెను. దాని దక్షిణార్ధమున నొక నల్లని చుక్క.

“ఇట్ల చూడప్పా. పెండ్లికొడుకు బుగ్గచుక్క మాదిరుండాది” అని మస్తాన్‌వలీ పలికెను.

ఉరుకుందప్ప తెరపైకి వంగెను. బృహస్పతిచుట్టు తిరుగు చంద్రులలో నొకదాని నీడ యగునేమోయని ఛాయాపాతముల పట్టిక చూడ ఆనాడు ఛాయాపాతమే లేదు. అంతట నాతని మోము మాడెను. “మల్లా దూదే. పాడు మిల్లులు, పాడు ఊరు” అని విసుగుకొని అంతవరకు దీసిన చిత్రముల నన్నింటిని ధూళిదూషితములని తుడిచివైచెను.

“రొంత ఓపిక పట్టు. క్యామెరా తిప్పితే గ్రహం తిరుగుతాది, దుమ్మయితే ఉన్నచోటే ఉంటాది. నువ్వే కదా నాకు నేర్పిస్తివి?”

“తిప్పేది లేదు, ఏమీ లేదు. ఇంగొకసారి నగుబాట్లు నాకొద్దు వలీ” అని యతడు క్యామెరాను పెరికి గాజును బట్టతో తుడిచెను. ఊదెను. మరల తుడిచెను. పిదప యథాస్థానమున బిగించి గ్రహమును వెదకిపట్టి దృష్టి సవరించునప్పటికి చాలసేపయ్యెను.

చుక్క యట్లే యుండెను. అంతేకాదు, బృహస్పతి భ్రమణవేగము ననుసరించి యించుక ప్రక్కకు జరిగియుండెను. దూదిపోగు జరుగునా? ఏదో యంతరిక్షశిల వచ్చి యా మేఘములను ఢీకొనిన మచ్చ యది. ఉరుకుందప్ప చిత్రము దీయు మీటవైపు వంగునంతలో పడమటికొండల మీదినుండి యొక అకాలమేఘము తాపీగా వచ్చి బృహస్పతిని కప్పివేసెను. నోటికాడి ముద్ద నేలపాలైనట్లయ్యెను. అతడు దిక్కులు చూచెను, మిల్లులను తిట్టెను, మేఘమును తిట్టెను, కడకు నిరపరాధి యగు కుర్చీని కాలదన్ని తన బొటనవ్రేలినే నొప్పించుకొనెను.

“ఫోన్ చేసి చెప్దాం. మన కండ్లతోనే చూస్తిమి కదా” అనెను వలీ.

“చిత్రం యాడుంది చూపించేకి? ఈసారి ఏ మిల్లు దూదప్పా అంటారు. నోరు మూసుకోనుండు.”

వలీ క్యామెరాను చంకనిడుకొని చరచర మెట్లు దిగిపోయెను. మబ్బు మాత్రము కొన్నిదినములు దిగలేదు. ఆ చుక్క యేమయ్యెనో చూచు భాగ్యమును వారికి లేకపోయెను.

పిదప నొకనాడు పురుషోత్తమాచారి ఫోను చేసెను. సముద్రముల కావలి యెవరో యొక యౌత్సాహికుడు వీరు చుక్కను చూచిన నాడే బృహస్పతిపై క్రొత్తమచ్చను పట్టినాడనియు లోకమంతయు వానిని కొనియాడుచున్నదనియు చెప్పి ఆనాడు ఆదవానియందు గగనమెట్లుండెనని యడిగెను. ఉరుకుందప్పకు కన్నులు మండెను. ఇక దాచి యేమి ఫలమని జరిగినదంతయు చెప్పివైచెను.

ఆచారి నొచ్చుకొని యిట్లనెను. “అయ్యో, ఆ సాయంత్రమే ఒక మాట అనింటే! కర్నూల్లో మబ్బే లేదు కదప్పా. మేమందరం మా టెలిస్కోపులు అటు తిప్పుతుంటిమి.”

“మీరు నవ్వుతారని చెప్పలేదు సార్.”

“నవ్వుతుంటిమి. నవ్వుకుంటానే చూస్తుంటిమి.”

ఉరుకుందప్ప ఫోను పెట్టివేసి మిద్దెమీది కుర్చీలో కూర్చుండి లెక్క వేసికొనెను. తప్పు చాటినందుకు తనకు దక్కినది నవ్వొక్కటే. నిజమును దాచినందుకు పోయినది తనదొక్కటియే కాదు. మస్తాన్‌వలీది పోయెను, కందనవోలువారిదియు పోయెను. ఈ లెక్క యాతని కిన్నాళ్లకు తెలిసెను.

మరుసటి సాయంకాలము మబ్బు విడిచెను. అతడు తానే స్టూడియోకు పోయి వలీని బ్రతిమాలి తోడ్కొనివచ్చెను. తెరపై బృహస్పతి నిలిచెను. ఆ బింబముమీద సన్నని వంకరగీత యొకటి స్పష్టముగా కనబడుచుండెను. ఎవరు చూచినను దూదిపోగే యనదగినది. ఉరుకుందప్ప చేయి అలవాటు చొప్పున బట్టకొఱకు పోయెను. ఆగెను. ముందుగా మీట నొక్కి చిత్రములు తీయనారంభించెను. అన్నియు భద్రపరచిన పిదపనే గాజు తుడిచెను.