బిగించిన చెయిను

పొద్దున్నే ఆరుంబావుకి మోటార్ సైకిల్‌ని మెట్ల కింద నుంచి బయటికి లాగితే రాలేదు. వెనక చక్రం మూలిగింది. వంగి చూద్దును కదా, చెయిను బట్టలారేసే తీగలా బిగుసుకుని ఉంది.

"నిన్న సాయంత్రం నేనే బిగించాను," అన్నారు మా ఆయన, గుమ్మంలో నిలబడి, మెప్పు కోసం ఎదురుచూస్తూ. "గలగలమంటోంది కదా."

ఒళ్లు మండిపోయింది. ఇళ్లకు వెళ్లి రక్తం తీసి ల్యాబ్‌కి చేర్చే ఉద్యోగం నాది. పాప పుట్టినప్పుడు మానేశాక ఎనిమిదేళ్లకు దొరికింది, ఇవాళే మొదటి రోజు. ఏడింటికల్లా మొదటి ఇంట్లో ఉండకపోతే నా తర్వాత వరసలో ఉన్నావిడను పిలుస్తానని మేనేజరు ముందే చెప్పింది.

మా ఆయన వడ్రంగి. వదులు అనే మాటే ఆయనకు గిట్టదు. తలుపు ఊగకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు. ఆయన బిగించిన సీసా మూత తీయాలంటే పక్కింటాయన రావాలి. చెయిను జోలికి పోవద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. మా నాన్న బళ్ల రిపేరు షాపులో పెరిగినదాన్ని, నాకు తెలీదా?

"వదులుగా ఉంటే ఊడిపోదూ?"

"మరీ వదులైతే ఊడుతుంది. మరీ బిగిస్తే తెగుతుంది. మనిషి ఎక్కితే బరువుకి ఇంకా బిగుస్తుంది. మీరు బిగించిన బండి ఎవరూ ఎక్కనంత కాలం బ్రహ్మాండంగా ఉంటుంది."

స్పానర్ కోసం ఆయన పనిపెట్టె మొత్తం కుమ్మరించాను. చక్రం నట్టు ఓ పట్టాన కదల్లేదు, బిగించింది ఆయన మరి. స్పానర్‌ని కాలితో తొక్కితే లొంగింది. రెండు పక్కలా చెయిను బిగువు సర్దే బోల్టులు సమానంగా వదులు చేసి, చక్రాన్ని ముందుకు నెట్టి, నట్టు మళ్లీ బిగించాను. చెయినును కింద మధ్యలో వేలితో ఎత్తితే అంగుళం లేచింది.

"అంత వదులా?" అన్నారు, అయినవాళ్లెవరో పోయినట్టు మొహం పెట్టి.

ఆరున్నర దాటింది. చేతులనిండా గ్రీజు. ఈ చేతులతో నేను రక్తం తీయాలి. అప్పుడొచ్చింది అనుమానం. దాచుకోలేదు.

"నేను వెళ్లకూడదనే బిగించారా?"

"లేదు, నిజంగా చప్పుడు ఆపుదామనే." నేను కుమ్మరించిన పనిముట్లు ఏరసాగారు. "ఇందాక నువ్వు లాగితే బండి కదల్లేదు చూడు, అప్పుడు మాత్రం... హమ్మయ్య అనిపించింది."

నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలో, ఆ నిజానికి ఏడవాలో తెలియలేదు. రెండింటికీ టైము లేదు. సబ్బుతో చేతులు తోముకుని బండెక్కాను.

మొదటి ఇంటి గంట నొక్కేసరికి ఏడుకి మూడు నిమిషాలు తక్కువ. లోపల అడుగుల చప్పుడు అవుతుండగా ఫోన్ మోగింది. ఆయనే. టైముకి చేరానో లేదో కనుక్కోవడానికి. ఏ జవాబు వినాలని చేశారో నాకు తెలియదు. ఎత్తకుండానే కట్ చేసి, సంచీలోంచి గ్లవ్స్ తీశాను.