పరదా దారం

సూది పిన్ని అయస్కాంతాన్ని నడిపిస్తోంది. పాత రేడియోలోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం అది. దానికి తాడు కట్టి గ్రంథాలయం హాల్లో బల్లల కింద, కుర్చీల మధ్య, గోడ వారగా ఈడ్చుకుంటూ వెళుతుంది. పిల్లలు దాన్ని పిన్ని కుక్కపిల్ల అంటారు. తలుపులు తీయగానే ఒకసారి, మూసే ముందు ఒకసారి కుక్కపిల్లకి షికారు. పోయిన సూది దొరికేదాకా హాల్లోంచి ఎవరూ కదలకూడదని పిన్ని పెట్టిన నియమం. రిటైరైన కాంపౌండరు గారంతటి పెద్దమనిషిని కూడా ఒకసారి మోకాళ్ళ మీద దేకించింది.

"ఏమైనా దొరికిందా పిన్నీ?"

పాకే వయసు పిల్లాణ్ణి చంకలో అదిమిపెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది వాడి తల్లి.

"ఒక కొక్కెం, రెండు జడపిన్నులు. సూదుల్లేవు. దింపు వాణ్ణి, ఎంతసేపు మోస్తావు?"

"ఆ మూల ఇంకొక్కసారి లాగండి పిన్నీ."

పిన్ని నవ్వుకుంటూ ఆ మూల ఇంకోసారి లాగింది. అప్పటికిగానీ ఆ తల్లికి చేతులు వదులు కాలేదు. దింపాక కూడా పిల్లాడి అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

వీపులూడిన పుస్తకాలు కుట్టడం పిన్ని ఉద్యోగం. ఆవిడ బొటనవేలి చర్మం చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. జాకెట్టు భుజానికి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దానికీ దారమే చుట్టింది. ఆ సూది వల్ల వచ్చిందో, ఆవిడ మాట వల్ల వచ్చిందో గానీ, పేరు మాత్రం అలా అతుక్కుపోయింది.

ఈ యేడు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి ఆ చేతులకి ఇంకో పని పెట్టింది. అలమరాల్లో దేశదేశాల చరిత్రలున్నాయి, ఈ ఊరిది మాత్రం ఒక్క పేజీ లేదు. అందుకని హాలు మధ్య పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద నీలం సుద్దతో వీధులు గీసింది. ఎవరైనా రావచ్చు. ఇంట్లోంచి ఒక పాతగుడ్డ తెచ్చుకోవాలి, తమ ఇల్లు ఉన్నచోట, లేదా ఒకప్పుడు ఉన్నచోట, దాన్ని ఇల్లులా కత్తిరించి కుట్టాలి. కుడుతూ ఆ ఇంటి సంగతులు చెబితే అమ్మాయి అట్టముక్క మీద రాసుకుంటుంది. చేతికి పని తగిలితే నోరు దానంతటదే తెరుచుకుంటుందని పిన్ని చెప్పిన ఉపాయం. ఊరంతా వచ్చింది. చొక్కాలు, దిండు గలీబులు, బడి సంచులు వీధులకి అటూ ఇటూ ఇళ్ళై కూర్చున్నాయి.

రేపు పొద్దున వడ్రంగి వచ్చి గుడ్డని గోడకెక్కించి అద్దం బిగిస్తాడు. ఇక కుట్టడానికి ఉండదు. ఇవాళ సాయంత్రం బస్సుకి పిన్ని అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది, మళ్ళీ రాకుండా. గుడ్డ మీద ఇంకా ఎక్కని ఇల్లు పిన్నిదే.

"ఇవాళైనా కుడతారా, లేకపోతే బస్సు టికెట్టు నేనే దాచెయ్యనా?" అంది లైబ్రేరియన్.

"నాకు ఇల్లెక్కడుందమ్మా? పుట్టినప్పటి నుంచీ అద్దె గదులే. అన్నీ ఇంకొకరివే. ఇంకొకరి ఇంటి మీద నా గుడ్డ అతికిస్తే ఏం బాగుంటుంది?"

"మా ఇంటి పక్కన కుట్టుకో," అన్నారు కాంపౌండరు గారు. తన పాత తెల్లకోటు ముక్కకి కిటికీలు కుడుతున్నారు, ఒక్కో కుట్టు అంగుళం పొడుగు. "మా మేడ మీద గదిలో ఎన్నేళ్ళున్నావ్!"

"ఆహా, ముందు కాపురం పెట్టింది మా ఇంట్లో," అంది పాల డిపో అత్త. "మీ మేడ మీద దగ్గుమందు వాసనకి పారిపోయింది."

"పారిపోలేదు. నీళ్ళు రాక వెళ్ళింది."

"అదింకా మర్యాదగా ఉంది కదూ!"

లైబ్రేరియన్ నవ్వాపుకోలేక అట్టముక్క మీద రాయడం ఆపేసింది. పిన్ని మాత్రం కాంపౌండరు గారి కుట్లు చూసి, "అన్నయ్యా, ఈ కిటికీలోంచి ఏనుగు దూరుతుంది," అని విప్పదీసి మళ్ళీ కుట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. పిల్లాడు చాప మీద నిద్రపోతే తల్లి పక్కనే కూర్చుని వాడి మీద ఈగ వాలకుండా విసురుతోంది. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పిన్ని తన ప్రయాణపు సంచి తెరిచింది. పైనే ఉంది పరదా. పసుపు రంగు మీద తెల్ల చుక్కలు. మొదటి గది కిటికీకి కొన్నది. గది మారినప్పుడల్లా కిటికీ చిన్నదవుతూ వచ్చింది, పిన్ని పరదా కత్తిరించి అంచు కుడుతూ వచ్చింది. పారేద్దామని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అంచు కొద్దిగా విప్పి ఒక పోగు లాగింది. ఇంకోటి లాగింది. రెండూ కలిపి పురిపెట్టి, తడిచేసి, సూదికెక్కించింది.

మొదటి కుట్టు పాల డిపో వెనక పడింది. అక్కడ తెల్లారకముందే క్యాన్ల మోత. మన గదికన్నా కిటికీ పెద్దదోయ్ అని కట్టుకున్నాయన ఎగతాళి చేసేవాడు. లారీ ఆఫీసులో మూటలకి నంబర్లు వేసి వచ్చేవాడు, చెవుల దాకా నల్లసిరా. అక్కడినుంచి దారం చిన్న చిన్న అంగలేస్తూ వీధి వెంబడి కాంపౌండరు గారి మేడకి చేరింది. పక్కగది ముసలి బైండరు దగ్గర పుస్తకం వీపు కుట్టడం నేర్చుకుంది అక్కడే. తర్వాత వంతెన పక్క సందు. వానొస్తే నీళ్ళు గదిలోకొచ్చేవి. ఇద్దరూ మంచమెక్కి కూర్చుని, తేలే గిన్నెల్లో ఏది ముందు గుమ్మం దాటుతుందోనని పందెం వేసుకునేవాళ్ళు. ఎప్పుడూ ఆయన చెంబే గెలిచేది. తర్వాత రేకుల షెడ్డు. అన్నం తిని కాస్త నడుం వాలుస్తానని ఆయన వాలింది అక్కడ. లేవలేదు. పిన్ని సూది అక్కడ ఆగింది. వేసిన కుట్టు మీదే ఇంకో కుట్టు వేసి ముందుకి కదిలింది. బడి గోడ పక్క గదికి వచ్చేసరికి పెదాలు వాటంతటవే కదిలాయి. పదేళ్ళు గోడ అవతల పిల్లలతో పాటు ఎక్కాలు వల్లెవేసింది మరి.

"ఇదేమిటి, చీమల బారా?" గుమ్మంలోంచే కళ్ళు చికిలించారు కాంపౌండరు గారు.

"నా ఇల్లు," అంది పిన్ని తలెత్తకుండా. "గదులు మీవి. మధ్యలో నడిచింది నేను."

అందరూ బల్ల చుట్టూ మూగారు. పసుపు దారం ఎవరి గుమ్మం ముందునుంచి పోయిందో చూసుకోవడంలో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. "మా దగ్గరే మొదలైంది, చూడు!" అని పాల డిపో అత్త. "మా మేడకి మెట్లు కూడా కుట్టింది, నువ్వు చూడు!" అని కాంపౌండరు గారు. "మా వీధిలో మలుపు తిరిగింది," అని పిల్లాడి తల్లి మెల్లగా అంది. లైబ్రేరియన్ ఎవరి మాట రాయాలో తెలియక అందరివీ కలిపి రాసేస్తోంది.

ఆ సందట్లో పిన్ని కూర్చున్నచోటే ఇంకాసేపు వంగి ఏదో సర్దింది. పరదా మడిచి సంచిలో పెట్టుకుంది. వీధి చివర బస్సు హారన్ కొట్టింది.

"అక్క కిటికీ కొలత ఫోన్లో చెప్పిందమ్మాయ్. పరదా అచ్చంగా సరిపోతుంది, కత్తిరించక్కర్లేదు. ఇక పొద్దస్తమానం ఇద్దరం పోట్లాడుకోడమే పని!" లైబ్రేరియన్ చేతిలో అయస్కాంతం తాడు పెట్టింది. "ఏడవకు, అట్టముక్కలు తడుస్తాయి. కుక్కపిల్లని తిప్పడం మర్చిపోకు."

నిద్రపోతున్న పిల్లాడి పాదం ఒకసారి తాకి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. బస్సు కదిలిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

మూసేవేళకి లైబ్రేరియన్ సూదుల దిండు లెక్కచూసింది. ఒక సూది తక్కువ.

పిల్లాడి తల్లి ఒక్క ఉదుటున చాప దగ్గరికి పరిగెత్తింది. లేచి కూర్చున్న వాణ్ణి ఎగరేసినట్టు చంకనెత్తుకుని నోరు తెరిపించి చూసింది, చొక్కా విప్పి దులిపింది. లైబ్రేరియన్ అయస్కాంతం లాగింది. పాల డిపో అత్త చాప దులిపింది. కాంపౌండరు గారు ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీదకి దిగారు. ఎక్కడా లేదు.

"పిన్ని ఏనాడూ సూది వదిలి వెళ్ళలేదే," అని గొణుక్కుంటూ పసుపు దారం వెంట వేలు పోనిచ్చింది ఆ తల్లి. డిపో, మేడ, వంతెన, షెడ్డు, బడి. దారం బడి దగ్గర ఆగలేదు. బస్టాండు దాటి గుడ్డ అంచుదాకా పోయింది.

"ఇదిగో! ఇక్కడుంది!"

కత్తెర తీసుకుని వచ్చిన లైబ్రేరియన్ దారం వైపు వంగి ఆగిపోయింది.

"తెంపకండి మేడం," అంది పిల్లాడి తల్లి.

"తెంపను. అద్దం కొంచెం ఎడంగా బిగించమని వడ్రంగికి చెబుదాం."

ఊరు దాటే రోడ్డు మీద, గుడ్డ అంచున, సూది సగం దిగి ఉంది. దాని మొనకి పెన్సిలు రబ్బరు ముక్క గుచ్చి ఉంది. బెజ్జంలోంచి ముడి వెయ్యని పసుపు దారం ఇంకా మూరెడు వేలాడుతోంది.