అవతలి ఒడ్డు పెట్టె

అట్టపెట్టెను బల్ల మీద బోర్లించి, లోపలి సెట్‌టాప్ బాక్సులను ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని అతను సుత్తితో కొడుతున్నాడు. అన్నీ కొత్తవే. పైన అంటించిన పల్చటి పొర కూడా ఎవరూ ఊడదీయలేదు. మొదటి దెబ్బకు మూత పగిలేది, రెండో దెబ్బకు లోపలి ఆకుపచ్చ పలక చీలేది. ముక్కలను ఎడమ చేత్తో గోనెలోకి తోసేవాడు. ఆ చేతి బొటనవేలి గోరు ఎప్పుడో నల్లబడి అలాగే ఉండిపోయింది.

గోదాములో అతన్ని అందరూ సుత్తి అనే పిలుస్తారు. పనిని బట్టి వచ్చిన పేరే. కానీ రోజంతా నోరు విప్పని మనిషికి ఆ పేరు కుదిరినందుకు వాళ్లకు నవ్వు.

గాలిలో బొమ్మలు పంపడానికి దేశానికో పద్ధతి ఉంటుందని ఈ పనిలో చేరాకే అతనికి తెలిసింది. పాత ప్రసారాలు ఆపేసి కొత్తవి పెట్టాలనుకున్నప్పుడు, పద్ధతులు అమ్ముకునేవాళ్లు పెళ్లిళ్ల పేరయ్యల్లా వచ్చి వాలారట. మొదట వచ్చినవాళ్లు నదికి అవతలి దేశం పద్ధతినే తీసుకోమన్నారు, పెట్టెలు చవకన్నారు. ప్రభుత్వం తలూపింది. గోదాము యజమాని ఓడ నిండా పెట్టెలు దింపుకున్నాడు. ఈలోగా ఇంకొకళ్లు వేరే పద్ధతితో వచ్చి, ప్రసార స్తంభాలు మేమే నిలబెడతాం, అప్పూ మేమే ఇస్తాం అన్నారు. ప్రభుత్వం అటు తిరిగింది. దిగిన పెట్టెలన్నీ ఇక్కడి గాలికి గుడ్డివైపోయాయి. అవతలి దేశానికి పంపుదామంటే సుంకాలతో అసలు కంటే కొసరెక్కువ. ఊరికే ఉంచుకున్నా ఒక్కో పెట్టెకూ ఆ పద్ధతి కనిపెట్టిన కంపెనీకి రుసుము కట్టాలి. పగలగొడితే అక్కర్లేదు. కాకపోతే ఆ కంపెనీ మనిషి కళ్లముందే పగలగొట్టాలి.

ఆ మనిషి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. అందరూ ఆమెను సాక్షి మేడమ్ అంటారు.

అతని ఇంట్లో టీవీ, పాత ప్రసారాలు ఆగిన రోజు నుంచి తెల్లటి చుక్కలే చూపిస్తోంది. బజారులో దొరికే సరైన పెట్టె అతనికి అందనిది. భార్య మంచం మీద పడుకుని ఆ చుక్కలనే చూసేది. దూది మిల్లులో ఏళ్ల తరబడి పీల్చిన నూగు ఆమె ఊపిరితిత్తులను తినేసింది. ఈ మధ్య డాక్టరు మందులు మార్చడం కూడా మానేశాడు. ఆమె నోటికి మాత్రం పదును తగ్గలేదు. లోకంలో మగాళ్లు ఇంటికి బొమ్మ తెస్తారనీ, తన మొగుడు బొమ్మలొచ్చే పెట్టెలు పగలగొట్టి వస్తాడనీ మాటమాటకూ ఆయాసపడి ఆగుతూ పూర్తి చేసేది. అతను మంచినీళ్ల గ్లాసు అందించేవాడు.

ఆమె కళ్లు మూసేలోపు ఆ టీవీలో ఒక్కసారి బొమ్మ రప్పించాలి. అతను ఇంకేమీ కోరుకోలేదు. యాంటెన్నాను నదివైపు తిప్పితే ఈ పెట్టెలకు చూపు వస్తుందని గోదాములో కరెంటు పని చేసే అతను ఒకసారి నవ్వుతూ అన్న మాట మనసులో పెట్టుకున్నాడు. పగలగొట్టడానికి మిగిలినవి ఇవే. రేపటి నుంచి పని లేదు.

మధ్యాహ్నం ఒక పెట్టెను అంచు మీద మాత్రమే కొట్టాడు. మూత విరిగింది, లోపలి పలక బతికింది. తల ఎత్తకుండా దాన్ని గోనెలోకి తోసి, భోజనాల వేళ తన సంచిలోకి మార్చుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ సంచి తడిమి దాన్ని బయటికి తీశాడు. చివరి రోజని అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. మేస్త్రీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంట్రా సుత్తీ, దీన్ని సగమే చంపావేంటి?"

సాక్షి మేడమ్ ఫోనులోంచి తల ఎత్తింది. మధ్యాహ్నమే చూశానంది. "తీసుకెళ్లనివ్వండి. ఆ ఇంట్లో అదీ ఒకటే, ఇటుకా ఒకటే."

"అలా అనకండి మేడమ్," అన్నాడు కరెంటతను. "నదివైపు తిప్పితే అవతలివాళ్ల చానళ్లొస్తాయి. రేపట్నుంచి మనవాడు పరాయి భాషలో మాట్లాడతాడు."

"ముందు సొంత భాషలో మాట్లాడమను," అన్నాడు మేస్త్రీ. పెట్టెను అతని చేతికి అందేటంత దగ్గరికి తెచ్చి మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. "అడిగి తీసుకో. నోరు తెరిచి అడుగు."

అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంట్లో ఆమెకి బొమ్మ కావాలండి."

ఎవరో చంటిపిల్ల గొంతుతో ఆ మాట మళ్లీ అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. పెట్టె చేతికి వచ్చింది, నవ్వు మాత్రం వీధి మలుపు దాకా వెంట వచ్చింది.

పై అంతస్తులో, డాబాకు సరిగ్గా కింద ఉన్న ఒంటిగది వాళ్ల ఇల్లు. అతను మోకాళ్ల మీద కూర్చుని తీగలు కలుపుతుంటే ఆమె విరిగిన మూతను చూసింది.

"పగిలిందే తెచ్చావా?"

"లోపల బాగానే ఉంది."

"నాకు పైన బాగుంది, లోపల పగిలింది." ఊపిరి కోసం ఆగింది. "జోడీ కుదిరింది."

టీవీ రిమోటు ఆమె పక్కన పెట్టి, డాబా మీదికి వెళ్లి యాంటెన్నా తిప్పుతాననీ, బొమ్మ వస్తే పిలవమనీ చెప్పాడు. పిలవడానికి ఊపిరి కూడా నువ్వే తెచ్చిపెడతావా అంది. అన్నదే కానీ, చాలా రోజుల తర్వాత తనంతట తానే లేచి గోడకు ఆనుకుని కూర్చుంది.

డాబా మీద యాంటెన్నా గొట్టం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని నదివైపు కొద్దికొద్దిగా తిప్పాడు.

"వచ్చిందా?" అని వంగి అడిగాడు.

ఇంకాస్త తిప్పాడు. అప్పుడు కింద సందులోంచి నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, చాలామందిది. ఎవడో ఏదో అన్నాడు, అంతా మళ్లీ గొల్లుమన్నారు. మాటలు తెలియలేదు. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. గేటు దగ్గర చెవుల్లో పడ్డ వేడి ఇంకా చల్లారలేదు. వీధిలో అందరికీ అప్పుడే తెలిసిపోయిందనుకున్నాడు. గొట్టం పట్టుకుని వేలాడుతున్న మనిషిని చూస్తే ఎవరికి నవ్వు రాదు? నవ్వు పెరిగింది. ఇంకా పెరిగింది, సందు గోడలు అదిరేటంత. అతను తల దించుకుని, ఎవరి ముఖమూ కనబడకుండా గొట్టంతోపాటు ఊరివైపు తిరిగిపోయాడు.

నవ్వు ఠక్కున ఆగింది. కిటికీ మూసుకున్నారు కాబోలు అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత కొండవైపు తిప్పాడు, రైలు పట్టాలవైపు తిప్పాడు. తిప్పినప్పుడల్లా వచ్చిందా అని అడిగాడు. చేతులు పట్టు తప్పాక కిందికి దిగాడు.

మెట్ల మీద కింది వాటా ఆమె తడి చేతులతో ఎదురొచ్చింది.

"అంత సౌండేంటి అన్నయ్యా? మీ టీవీలో జనం పగలబడి నవ్వుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాదు. పెంచుకుంటూ పోయి, పోయి, మళ్లీ ఆపేశారేం?"

"మా ఇంట్లోనా?"

"మరి మా ఇంట్లో నవ్వేదెవరు?"

అతను ఆమెను దాటుకుని లోపలికి వెళ్లాడు. తెర నీలంగా ఉంది, దాని మీద అవతలి ఒడ్డు అక్షరాలేవో ఉన్నాయి. భార్య గోడకు ఆనుకునే ఉంది, ముఖం టీవీవైపే ఉంది. గుండెల మీది దుప్పటి కదలడం లేదు. అతను మంచినీళ్ల గ్లాసు నింపి ఆమె ముందు పట్టుకున్నాడు. వెనకాలే వచ్చిన కింది వాటా ఆమె కాసేపు చూసి, ఆ గ్లాసు అతని చేతిలోంచి తీసేసుకుంది.

తర్వాత జనం వచ్చారు. చోటు చాలదని ఎవరో టీవీని, పెట్టెను తీగలతో సహా బయట పెట్టారు. నలుగురు కలిసి ఆమెను ఎత్తి చాప మీదికి దింపారు.

ఖాళీ మంచం మీద టీవీ రిమోటు మిగిలింది. సౌండు పెంచే మీట లోపలికి దిగి, అలాగే ఇరుక్కుపోయి ఉంది.