మిర్చి బస్తాల వెనక వైను

శాంతికి వాసన తెలియడం మానేసి నాలుగు నెలలవుతోంది. పిల్ల పుట్టాక పట్టిన జ్వరం పోతూ పోతూ ముక్కును వెంటబెట్టుకుపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పోయినవారం పొయ్యి మీద గ్యాసు వదిలేసి దొడ్లో బట్టలు ఆరేస్తుంటే, పక్కింటి జానీబీ పరుగున వచ్చి కట్టేసింది. "ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే?" అని తిట్టిపోయింది. ఇంట్లో తెలిస్తే పిల్లను తన దగ్గర ఒంటరిగా వదలరేమోనని శాంతి భయం. పిల్లకు పెట్టే రాగిజావలో పాలు కలిపేముందు, "ఏవండీ, ఇవి బాగున్నాయో లేదో చూడండి, నాకు జలుబు" అని గిన్నె భర్తకు అందిస్తూ వచ్చింది. ఎన్నాళ్లని జలుబు?

ఆ శనివారం సాయంత్రం భర్త స్నేహితుడు నతానియేలు, భార్య ఆరాధనతో కలిసి భోజనానికి వచ్చాడు. ఓడల్లో వడ్డన పని చేసి వచ్చిన మనిషి. ఆరేళ్ల కిందట తెచ్చుకున్న రెండు ఫ్రెంచి వైను సీసాలను చల్లగా, చీకట్లో పడుకోబెట్టమని శాంతి భర్త సాల్మన్‌కు అప్పగించాడు. సాల్మన్ నల్లపాడు దగ్గర ఓ కోల్డు స్టోరేజీలో సూపర్‌వైజరు. గుంటూరులో అంతకంటే చల్లటి చీకటి ఎక్కడుంటుందని, మిర్చి బస్తాల వెనక దాచాడు.

"కూరలో కారం తగ్గించు చెల్లెమ్మా, లేకపోతే వైను రుచి తెలవదు" అని నతానియేలు ముందే ఫోను చేశాడు.

"గుంటూరులో పుట్టి ఆ మాట ఎలా అన్నావురా" అన్నాడు సాల్మన్, చప్పటి మటన్ ముక్క నములుతూ.

మొదటి సీసా మూతికి మైనం పూసి ఉంది. గీకి తీస్తే లోపలి బిరడా పొడిపొడి అయింది. టీ వడగట్టే జాలీలో వంచారు. వైను ఎర్రగా లేదు, పాత ఇటుక రంగులో ఉంది.

"చర్చిలో ప్రభుబల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసంలా తియ్యగా ఉంటదనుకున్నా" అంది ఆరాధన, మొహం చిట్లించి.

"ముందు వాసన చూడాలే. ఎవరికి ఏది తడితే అది చెప్పండి. తప్పేం లేదు" అన్నాడు నతానియేలు.

ఆరాధనకు పాత బీరువా తట్టింది. సాల్మన్‌కు వానకి తడిసిన పత్తిచేను. అందరూ శాంతి వైపు చూశారు.

"పిల్లకి పాలిస్తున్నాను అన్నయ్యా."

"తాగొద్దమ్మా. వాసన చూడు, చాలు."

గ్లాసు అంచు ముక్కుకు తగిలింది. అంతే. "బీరువానే" అంది, ఆరాధన వదిన మాట అరువు తెచ్చుకుని.

రెండో సీసా బిరడా చక్కగా ఊడివచ్చింది. నతానియేలు కళ్లు మూసుకుని, "పుట్టగొడుగులు, తడి ఆకులు. ఎంత బాగుందిరా" అన్నాడు. శాంతి మర్యాదకు గ్లాసు అందుకుంది. ముక్కులో ఏదో గుచ్చింది. కూరలో మసాలా ఘాటేమో అనుకుని, మొహం పక్కకు తిప్పి మళ్లీ చూసింది. ఎండుమిరపకాయ. దాని వెనక గోనెసంచి. ఇది తనకు తెలిసిన వాసన. రోజూ సాయంత్రం గుమ్మంలోకి వచ్చే వాసన.

"ఏమ్మా, మళ్లీ బీరువానా?"

"కాదన్నయ్యా. ఈయన చొక్కా."

ఆరాధన పొట్ట పట్టుకుని నవ్వింది. నతానియేలు మాత్రం ఒకటికి రెండుసార్లు వాసన చూశాడు. అతని మొహం మాడింది.

"ఒరేయ్, నా వైను ఎక్కడ పెట్టావురా?"

"చెప్పాగా. తేజా మిర్చి బస్తాల వెనక."

"బిరడా గాలి పీల్చుద్దిరా. మైనం ఉన్నది బతికిపోయింది. ఇది ఆరేళ్లూ మిరపకాయ పీల్చింది."

"మరి పుట్టగొడుగులన్నావు?"

"ఊరంతా ఇదే వాసనగదరా. మన ముక్కులకి ఆనలేదు." ఇంకో గుక్క తాగి ఆలోచించాడు. "ఫ్రాన్సులో కూడా దొరకదులే ఇది."

ఉయ్యాలలో పిల్ల కదిలింది. శాంతి వంటింట్లోకి వెళ్లి పాలగిన్నె మూత తీసింది. పులుపు సన్నగా, స్పష్టంగా ముక్కుకు తగిలింది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

సాల్మన్ అలవాటుగా వెనకే వచ్చి చెయ్యి చాపాడు. "ఇటివ్వు, చూస్తా."

"వద్దులెండి. విరిగాయి. నేను చూశాను."

"పాలు విరిగితే అంత సంబరమేంటే?"

"వాళ్లు వెళ్లాక చెబుతా" అంది శాంతి. పాలు పారబొయ్యడానికి తూము దగ్గరకు వెళ్లి, పొయ్యకుండా ఇంకోసారి వాసన చూసింది.