నీలం చొక్కా వాసన

నాన్న పోయిన సాయంత్రమే నడిపమ్మాయి ఆయన ఒంటి మీంచి తీసిన చొక్కాని ఉతికి ఆరేసింది. దాని మీద ఆఖరి వాంతి మరక ఉంది. లాండ్రీ షాపు నడిపి అందరి మరకలూ వదలగొట్టిన మనిషికి అలాంటి చొక్కా మిగలకూడదనుకుంది. అంతే, ఇంట్లో ఆమెకి రాతిగుండె అని పేరు పడింది.

"నాన్న వాసన కూడా లేకుండా చేశావు కదే" అంది చెల్లెలు.

ఆయన మంచాన పడ్డప్పుడు ఈ చెల్లెలే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, గుమ్మం దాటకుండా "ఎలా ఉంది నాన్నా" అనేది. సరిగ్గా పక్క మార్చే వేళకే అన్నయ్యకి ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు అందరికీ వాసన కావాలిట.

అన్నయ్య షాపుకి వెళ్లి, ఇస్త్రీ బల్ల వెనక మేకుకి వేలాడుతున్న నీలం చొక్కా తెచ్చాడు. నాన్న వేసుకునే రంగే. చంకల్లో చెమట అట్టకట్టింది. అమ్మ దాన్ని గుండెకి హత్తుకుని, "ఇది పక్కనుంటే నిద్ర పడుతుందిరా" అంది.

అప్పట్నుంచి ఆ చొక్కా ప్లాస్టిక్ సంచిలో కాపురం పెట్టింది. వంతులేసుకుని సంచి విప్పడం, మొహం పెట్టడం, వాసన పోకుండా మూతి ముడెయ్యడం. అన్నయ్య మందు వేసుకున్నట్టు భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి పీల్చేవాడు. చెల్లెలు అందులోనే ఏడ్చి, ముక్కు కూడా అందులోనే తుడుచుకుని, అదే చేత్తో అన్నం వడ్డించేది. వాళ్లకి ఏడుపు వస్తుంటే నడిపమ్మాయికి డోకు వచ్చేది. సంచిని చేత్తో కూడా ముట్టలేదు.

ఒక ఉదయం సిటీ బస్సు డ్రైవరు తలుపు తట్టాడు.

"నాన్నగారి విషయం తెలిసిందమ్మా. అడగడానికి మొహమాటంగానే ఉంది. నా డ్యూటీ చొక్కా ఒకటి ఇచ్చాను, నీలంది. ఇంజను పక్కన కూర్చుంటాం కదా, చంకలు కాస్త..."

"నాన్న దాని మీద ఏం గుర్తు వేశారు?"

"కాలరు లోపల మూడు చుక్కలు."

అమ్మ స్నానానికి వెళ్లింది. నడిపమ్మాయి ఊపిరి బిగబట్టి సంచి విప్పి, కాలరు తిప్పింది. మూడు చుక్కలు. నాన్న తన చొక్కాలకి ఏనాడూ గుర్తు వేసుకోలేదు. లాండ్రీ ఇంట్లో పుట్టి పెరిగి, ఒక్కరంటే ఒక్కరు కాలరు తిప్పి చూడలేదు.

నవ్వూ డోకూ కలిసి వచ్చాయి. డ్రైవరుని మర్నాడు రమ్మని పంపేసి, చొక్కాని బకెట్లో వేసింది. నాన్న నేర్పినట్టే తిరగేసి, చన్నీళ్లతో మరకని వెనక నుంచి తట్టింది. డ్రైవరు చెమట, చెల్లెలి చీమిడి, అమ్మ తలనూనె, అన్నీ ఒకే నురగలో జారాయి. మొహం పక్కకి తిప్పుకునే ఉతికింది.

"మళ్లీ ఉతికేశావా?" పెరటి గుమ్మంలో అన్నయ్య. "నువ్వసలు మనిషివేనా? నాన్నంటే అంత అసహ్యమేమిటే నీకు?"

మూడు చుక్కలూ ఆమె బొటనవేలి కిందే ఉన్నాయి. వేలు తీస్తే చాలు, రాతిగుండె అన్న పేరు ఆ క్షణమే వదిలిపోతుంది. ఇన్నాళ్లూ ఎవరి చంకలో మొహం పెట్టాడో అన్నయ్యకి తెలిసొస్తుంది. ఆ మొహం చూడాలని భలే ఆశపడింది కూడా. కానీ అన్నయ్య వెనక, తడి జుట్టుతో అమ్మ నిలబడి ఉంది. ఖాళీ సంచిని ముక్కుకి ఆనించుకుంది.

"నాన్నంటే కాదు, మరకంటే" అంది నడిపమ్మాయి, వేలు తియ్యకుండా.

మర్నాడు డ్రైవరు ఇస్త్రీ చొక్కా పట్టుకెళ్లాడు.

"చొక్కా ఏదే?" అంది చెల్లెలు, కంచాలు పెడుతూ.

"పారేశాను."

చెల్లెలు ఆమె కంచంలో అన్నం విసిరినట్టు పెట్టింది. అన్నయ్య ఖాళీ సంచి అందుకుని, మూతి విప్పి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, అమ్మకి అందించాడు.

నడిపమ్మాయి కంచం తీసుకుని వంటింట్లోకి పోయి, గోడవైపు తిరిగి కూర్చుని తింది.