చిలమత్తూరు బిందె

ధర్మవరంలో మగ్గం నేసే కుళ్ళాయప్ప కూతురికి గుండెలో రంధ్రం ఉందనీ, ఆపరేషన్ చేయకపోతే బతకదనీ బెంగళూరు డాక్టర్లు తేల్చి చెప్పారు. 2003 కరువులో చేతిలో నాలుగు రూపాయలు ఆడే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు. అందుకని మహిళా సంఘం ఆడవాళ్ళు ఊరూరా తిరిగి ఇంటికో వస్తువు అడిగి తెచ్చి వేలం వేద్దామనుకున్నారు. పాడుకోవడానికి పట్టుచీరల షావుకార్లు ఉండనే ఉన్నారు.

చీటీలు వేసి ఊళ్ళు పంచుకుంటే హేమావతికి చిలమత్తూరు వచ్చింది.

"ఆ ఊరు వద్దు, మార్చుకో. ఈ ఎండకు వడదెబ్బ తగులుతాది" అన్నాడు భర్త రాజేంద్ర. చీరల మూటలు కట్టుకుని వారానికి మూడు రోజులు ఊళ్ళు తిరిగే మనిషి, ఎండ సంగతి ఆయనకు తెలియదా? పెండ్లయి పన్నెండేళ్ళయినా, పిల్లలు కలగకపోయినా తన మీద ఇంత ప్రేమ ఉన్నందుకు ఆమె పొంగిపోయింది. ఆ పొంగులోనే, ఆయన బెంగళూరు వెళ్ళిన రోజు చూసుకుని చిలమత్తూరు బస్సెక్కింది. పిచ్చి తల్లి!

అక్కడ ఐదో ఇంట్లో భారతి అనే ఆమె అటక మీది నుంచి పెద్ద ఇత్తడి బిందె దించి ఇచ్చింది. ఏళ్ళ తరబడి తోమక నల్లబడిపోయి ఉంది. భారతి చంకలో మూడేళ్ళ పిల్ల.

"నా పెండ్లిదక్కా. ట్యాంకరు కాడికి దీన్ని మోయలేక ప్లాస్టిక్ బిందె కొనుక్కున్న్యా. ఆ బిడ్డ ఆపరేషనుకైనా పనికొస్తాది, తీస్కపో."

హేమావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"యా ఊరినుంచొచ్చినావక్కా?"

"ధర్మవరం."

"మా ఇంటాయనదీ ధర్మవరమే! మొదటి పెండ్లాము సచ్చిపోతే నన్ను చేసుకున్న్యాడు. నన్ను మాత్రం ఆ ఊరికి ఒక్కసారీ తీస్కపోలేదు. ఆ ఇంట్లో ఆమె గుర్తుకొస్తాదంట."

"అయ్యో, పాపం!" అంది హేమావతి. చచ్చిపోయిన ఆ ఇల్లాలి కోసం ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆయన పేరేమని అడగబోయేలోపు బస్సు హారన్ కొట్టింది. బిందె ఎత్తుకుని పరుగెత్తింది.

వేలం ముందు రోజు పొద్దున పెరట్లో అత్తా కోడళ్ళు ఇద్దరూ కూర్చుని ఇత్తడి సామాను తోముతున్నారు. అత్త నాగలక్ష్మమ్మకు కంట్లో పొర. తోమడం కోడలి వంతు, చింతపండు పిసికి ఇవ్వడం ఆమె వంతు. బిందె మెడ కింద చింతపండు పెట్టి రుద్దేసరికి చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తేలాయి. భారతి పెండ్లి పేర్లేమో అనుకుంటూ హేమావతి ఇంకాస్త రుద్దింది.

'చి. రాజేంద్ర, చి.ల.సౌ. భారతి వివాహమునకు వరుని తల్లి నాగలక్ష్మమ్మ, ధర్మవరం. 2-5-1999.'

చదివింది. మళ్ళీ చదివింది. చేతిలో చింతపండు జారి పడింది, తిరిగి తీసుకోవాలని కూడా తోచలేదు. తొంభై తొమ్మిది మే నెల. తల్లీ కొడుకూ తిరుపతికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిన నెల. వాళ్ళు తెచ్చిన లడ్డును తను కళ్ళకద్దుకుని తిన్నది.

"అత్తా, మీరు తిరుపతికి పోయినప్పుడు ఇత్తడి బిందె కొన్న్యారా?"

ముసలామె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఏ బిందె అని అడగలేదు.

"అది నీకు యాడ దొరికింది?" అంది.

ఆ మాటతో మిగిలిన ఆశ కూడా పోయింది. హేమావతి గోడకు ఆనుకుంది.

"నీకు బిడ్డలు కాలేదు గదమ్మా. వాడేం చేస్తాడు?"

"దానికి నన్ను సంపుతారా? మీకు నేను రోజూ నీళ్ళు పోస్తాండా గదత్తా!"

"దాన్ని వేలానికి తీస్కపోవద్దు తల్లీ. యాడన్నా పూడ్చిపెట్టు. మన పరువు బజార్న పడతాది."

హేమావతి బిందెను ఒళ్ళోకి లాక్కుని, ప్రతి అక్షరమూ తళతళలాడేదాకా తోమింది.

మరునాడు సంఘం ఆఫీసు ముందు పందిట్లో వీధి వీధంతా చేరింది. ఏటా వినాయకుడి లడ్డు వేలం వేసేది రాజేంద్రే కాబట్టి ఊళ్ళు తిరిగి నేరుగా పందిట్లోకే వచ్చిన ఆయన చేతికే ఈ మైకు కూడా ఇచ్చారు. ఆయన ఒక్కో సామాను ఎత్తి, దాని మీది పేర్లు ఊపిరి తిప్పుకోకుండా చదివి, జనాన్ని నవ్వించి, పాట పెంచుతున్నాడు. హేమావతి వస్తువులు అందిస్తోంది. ఆఖరున బిందె అందించింది.

"ఆహా, బంగారం మాదిరి ఉండాది సూడండప్పా! చిరంజీవి రాజేంద్ర, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి భార..."

మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. పేరు కలిసిందని ఎవరో నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆపేశారు. అది పాలిపోయి ఉంది. ముందు వరుసలో నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగిపోయినావేం? సదువు. ఇచ్చినామె పేరు అందరూ వినాల గదా" అంది హేమావతి.

ఆమె ఆయన చేతిలోంచి మైకు తీసుకుని, తల్లి పేరూ తేదీతో సహా మొత్తం చదివింది.

"ఈ బిందె ఇచ్చిన భారతి మంచిది. ఆమెనేమీ అనొద్దండి. మొదటి పెండ్లాము సచ్చిపోయిందని చెప్పి ఆమెకు తాళి కట్టినారు." ఆమె బిందె మీద చెయ్యి వేసింది. "ఆ సచ్చిపోయినదాన్ని నేనే. నా చేతుల్తోనే తోమి తెచ్చినా. కుళ్ళాయప్పన్న బిడ్డకు ఆపరేషన్ కావాల. పాడండి."